భోజన విరామంలో అందిన ఫిర్యాదు

నన్ను చాలామంది చాలా మాటలు అన్నారు. అన్నీ గుర్తున్నాయి. పెళ్లిపందిట్లో మా ఆయన మేనత్త నా జడ పట్టుకుని లాగి చూసి, ‘సవరమేమో అనుకున్నానే’ అంది. ఒకసారి ఆర్టీసీ కండక్టరు నన్ను చేబ్రోలులో దిగనివ్వకుండా ఊరు దాటించి దింపి, ‘నడవండమ్మా, ఆరోగ్యానికి మంచిది’ అన్నాడు. కండక్టరు మీద డిపోకు నాలుగు ఉత్తరాలు రాసి జవాబు తెప్పించాను. సవరం సంగతి ఎవరికి రాయాలో తెలియక ఊరుకున్నాను. ఇవన్నీ ఒక ఎత్తు. తెనాలిలో మా బ్యాంకు మేనేజరు నన్ను నిండు హాల్లో నిలబెట్టి ‘పాపం’ అనడం ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ ‘పాపం’ వెనక ఏం జరిగిందో చెబుతాను. చెబుతుంటే నాకిప్పటికీ నవ్వాగదు. అప్పట్లో మాత్రం నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చి ఎక్కిళ్లు పట్టుకునేవి.

అప్పుడు నేను తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేదాన్ని. రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయింది. మేడ మీద పొడుగాటి గది, అందులో పద్నాలుగు మిషన్లు. వాటిల్లో రెండు తెలుగువి. ఒకప్పుడు పొద్దున ఆరింటి నుంచి బ్యాచి మీద బ్యాచి నడిచేది. మిషన్ ఖాళీ అయ్యేదాకా అమ్మాయిలు మెట్ల మీద వరుసగా కూర్చునేవాళ్లు. ఆ ఏడాదికి పదిహేడు మంది మిగిలారు. రోడ్డుకు అవతల, సరిగ్గా నా కిటికీకి ఎదురుగా, గాజు తలుపుల కంప్యూటర్ సెంటర్ వెలిసింది. నా పిల్లలు వేళ్లతో నా మిషన్లు కొడుతూ కళ్లతో అక్కడి బొమ్మలు చూసేవాళ్లు. చివరికి వాళ్లంతా కలిసి నా బల్ల దగ్గరికి వచ్చి మర్యాదగానే చెప్పారు: ‘జూన్ నాటికి మీరు కంప్యూటర్ పెడితే ఉంటాం మేడమ్, లేకపోతే అటు వెళతాం.’ పదిహేడు మందీ పోతే గది అద్దె కూడా రాదు. తాళం వేసి తాళంచెవి ఇంటివాళ్ల చేతిలో పెట్టడమే.

రెండు కంప్యూటర్లు కొందామని ముప్పై ఆరు వేలు కూడబెట్టాను. అలా అని ఊరికే కూర్చోలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్లకు ప్రభుత్వం సగం ధరకు కంప్యూటర్లు ఇవ్వాలని నాలుగేళ్లుగా హైదరాబాదుకు అర్జీలు పెడుతున్నాను. మూడు నెలలకు ఒకటి. ప్రతిదానికీ కార్బన్ కాపీ ఉంది. ఒక్కదానికీ జవాబు లేదు.

ఆ వేసవిలో ఒక బుధవారం ఫోను మోగింది. అవతల ఒక మర్యాదస్తుడి గొంతు.

“మేడమ్, మీరు టైపు ఇన్‌స్టిట్యూట్ వారేనా? హైదరాబాదు నుంచి మాట్లాడుతున్నాం. కంప్యూటర్ల గురించి...”

“నా అర్జీ అందిందాండి?” అన్నాను. లేచి నిలబడి మరీ అన్నాను.

అతను ఒక్క క్షణం ఆగాడు. “అందింది మేడమ్. దాని మీదే ఫోన్ చేశాను.”

ఆ తర్వాత అతను చెప్పాల్సింది ఏమీ లేకుండా నేనే చెప్పుకుపోయాను. ఏ నెలలో రాశాను, ఏమని రాశాను, ఎన్ని మిషన్లు, ఎంతమంది పిల్లలు, చేతిలో ఎంత ఉంది. అతను ‘అవును మేడమ్, రాసి ఉంది మేడమ్’ అంటూ వచ్చాడు. అర్జీలు పెట్టేవాళ్లకు ‘అందింది’ అన్న మాట ఎంత తీపో పెట్టనివాళ్లకు తెలియదు. నేను ఆ మాటకే పడిపోయాను. సగం ధరకు నాలుగు కంప్యూటర్లట. ముప్పై ఆరు వేలు ముందు కట్టాలట. మా బ్యాంకుదే బాపట్ల శాఖలో ఒక ఖాతా నంబరు చెప్పాడు. కంప్యూటర్లు సరఫరా చేసేవాళ్లది బాపట్ల అట. గురువారం పొద్దున్నే ఫారం నింపి, తెనాలి శాఖలో డబ్బు కట్టేసి, వస్తూ వస్తూ పిల్లలందరికీ తలొక బాదంపాలు తాగించాను.

మర్నాడు శుక్రవారం. పదకొండింటికి మళ్లీ అదే గొంతు.

“మేడమ్, రవాణా ఖర్చు ఎనిమిది వేలు కట్టాలి.”

“అలాగేనండి. రేపు కడతాను. ఇవాళ శుక్రవారం కదా.”

“శుక్రవారం అయితే ఏంటి?”

నాకు అర్థం కాలేదు. “శుక్రవారం నాడు ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వం కదండీ.”

“అవన్నీ కుదరవు మేడమ్. ఇవాళే కట్టాలి. సాయంత్రానికల్లా మీ ఫైలు పూర్తి చేసేస్తాం.”

ఫోను పెట్టేసి అలాగే కూర్చున్నాను. శుక్రవారం అంటే అర్థం కాని గుమాస్తా మన వైపు ఎక్కడుంటాడు? అది సరే అనుకుందాం, ఎవరి పద్ధతి వారిది. కానీ ఫైలు సాయంత్రానికల్లా పూర్తి చేస్తానంటూ వెంటపడే ప్రభుత్వోద్యోగి? ఇరవై ఏళ్లుగా నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. ‘రేపు రండి’ అనని బల్ల నేనెరగను. ‘రేపు కడతాను’ అని నేనంటే సంతోషించాల్సినవాడు కోప్పడ్డాడంటే వాడు ఏ ఆఫీసువాడూ కాదు. తిరిగి ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్.

నేను ఏడవలేదు. మిషన్‌లో కాగితం ఎక్కించి, వెనక కార్బన్ పెట్టి, ఫిర్యాదు కొట్టాను. ‘నిన్న నేను కట్టిన ముప్పై ఆరు వేలు మోసంతో రాబట్టినవి. బాపట్ల శాఖకు వెంటనే తెలియజేసి ఆ ఖాతాలోంచి డబ్బు పోకుండా ఆపవలసింది.’ తొందరలో ‘వలసింది’ దగ్గర రెండు తప్పులు పడ్డాయి. కొట్టేసి పైన మళ్లీ కొట్టాను. అలాంటి కాగితం నా పిల్లలెవరైనా ఇస్తే చింపేసేదాన్ని.

బ్యాంకుకు వెళ్లేసరికి మేనేజరు గారు క్యారేజీ విప్పుకుంటున్నారు. గాజు గది తలుపు తెరిచే ఉంది. హాల్లో పాతికమంది వరకు ఉన్నారు. నేను చెప్పిందంతా విని, ఆయన నిదానంగా అన్నాడు:

“మీరే వచ్చారు. మీ చేత్తోనే ఫారం రాశారు. మీ డబ్బు మీరే కట్టారు. ఇందులో బ్యాంకు చేసిందేంటమ్మా?”

“చేసిందేమీ లేదండి. ఇప్పుడు చెయ్యమంటున్నాను. బాపట్లకు ఒక్క ఫోన్ కొట్టండి.”

“అది వాళ్ల శాఖ. అక్కడికెళ్లి రాసివ్వండి.” తర్వాత నన్ను వదిలేసి, గది బయట నిలబడ్డవాళ్లతో అన్నాడు. “చూశారా, ఊరందరికీ చదువు చెప్పే టీచరమ్మకే టోపీ పెట్టారు. పాపం.”

పాతికమందీ నా వైపు తిరిగారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. పచ్చ చొక్కా ఆయన పళ్లు కూడా గుర్తున్నాయి.

నేను కదల్లేదు. “సరేనండి. నా ఫిర్యాదు తీసుకుని, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేసి, టైము వేసి ఇప్పించండి.”

“కౌంటర్లో ఇవ్వండి” అని ఆయన పెరుగు డబ్బా మూత తీశాడు.

కౌంటర్లో గుమాస్తా అప్పుడే చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ముద్ర వేశాడు గానీ టైము వెయ్యనన్నాడు. వేసేదాకా నేను కౌంటర్ ముందునుంచి జరగనన్నాను. నా వెనక లైను పెరిగింది. చివరికి అతను పెన్ను లాక్కుని, నామీది కసంతా తీరేలా రాసి, కాగితం నా ముందుకు విసిరాడు. ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. ‘అందినది. మధ్యాహ్నం 1.50. భోజన విరామ సమయం. తర్వాత రమ్మన్నా వినలేదు.’

కింద సంతకం కూడా పెట్టాడు. నన్ను అవమానించడానికే రాశాడు. నేను మడతపెట్టి బ్యాగులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే రేపల్లె నుంచి మా ఆడపడుచు దిగింది. మా ఆయన చెల్లెలు, రేపల్లెలో కాపురం, నవ్వడం మొదలుపెడితే గోడ పట్టుకుని గానీ ఆపుకోలేని మనిషి. మా ఆయన ‘పోయింది పోయింది, వదిలెయ్’ అన్నాడు. ఆయనెప్పుడూ అంతే, కండక్టరు సంగతప్పుడూ అదే అన్నాడు. ఆడపడుచు మాత్రం అంతా విని కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

“అయితే వదినా, వాడికి నీ అర్జీలన్నీ నువ్వే చదివి వినిపించావా?”

“అన్నీ కాదే. ముఖ్యమైనవి.”

“నాలుగేళ్ల నుంచి ఒక్కడూ చదవని అర్జీలు, పాపం, వాడొక్కడే ఓపిగ్గా విన్నాడు!”

“నువ్వు కూడా పాపం అంటే ఊరుకోను.”

“నేనన్నది వాణ్ణి!”

శనివారం పొద్దున్నే ఇద్దరం బాపట్ల రైలెక్కాం. బ్యాంకు తలుపులు తియ్యకముందే మెట్ల మీద ఉన్నాం. బాపట్ల శాఖలో ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. కంప్యూటర్లో చూసి ఆమె మొహం మారింది.

“ఇప్పుడు ఖాతాలో ఏమీ లేదండి. పొద్దున్నే ఏటీఎంలో చివరి ఆరు వేలూ తీసేశారు. నిన్న సాయంత్రం పదిహేను, మొన్న పదిహేను.”

“నిన్న మధ్యాహ్నం ఎంత ఉందండి? రెండింటి లోపల?”

“ఇరవై ఒక్క వేలు.” అని ఆగి, నెమ్మదిగా అంది, “నిన్న ఒక్క ఫోన్ వచ్చి ఉంటే ఆపేవాళ్లమండి. రెండు నిమిషాల పని.”

ఆ అమ్మాయి ఆ మాట అన్నది జాలితోనే. నాకు మాత్రం ఆ ఊళ్లో పట్టపగలే నక్షత్రాలు కనిపించాయి. బాధతో కాదు. ఇరవై ఒక్క వేలు నా ముద్రకూ వాడి ఏటీఎం కార్డుకూ మధ్య ఒక మధ్యాహ్నమంతా ఊరికే కూర్చున్నాయి! నేను చెప్పాక పోయాయి, చెప్పకముందు కాదు! నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆఫీసరమ్మ భయపడి ఇంకో గ్లాసు నీళ్లు తెప్పించింది.

ఖాతాదారుడి చిరునామా చెప్పమంటే ‘చెప్పకూడదండి, రూల్సు ఒప్పుకోవు’ అంది. చెప్పలేదు కూడా. కానీ ఖాతా ఫారం తెప్పించి, తనవైపు తిప్పి బల్ల మీద పెట్టుకుని చదువుకుంటోంది. టైపు నేర్పేవాళ్లు పిల్లలకు ఎదురుగా నిలబడి తలకిందులుగా చదువుతారు. ఇరవై రెండేళ్లు నేను చేసింది అదే పని. నాలుగు పేజీల ఫారం, ఫొటోలో నున్నగా దువ్విన క్రాపు, రేపల్లె చిరునామా, డోరు నంబరు, అంతా నాలుగు శ్వాసల్లో చదివేశాను. పరిచయం చేసినవారి సంతకం ఉండాల్సిన గడి తెల్లగా ఖాళీగా ఉంది.

అక్కడే నాకు ఒళ్లు మండింది. ఇదే బ్యాంకు, నేను తెనాలిలో ఖాతా తెరిచినప్పుడు, పరిచయం చేసేవాళ్ల సంతకం సరిపోలేదని నన్ను మూడుసార్లు తిప్పింది. మా వీధిలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఆయన్ని తీసుకొస్తే ఆయన సంతకం వంకరగా ఉందన్నారు. ఈ నున్నటి క్రాపువాడికి సంతకమే అక్కర్లేకపోయింది.

బాపట్ల నుంచి రేపల్లె బస్సెక్కాం. కిటికీ పక్కన మా ఆడపడుచు డోరు నంబరు వల్లె వేసుకుంటూ కూర్చుంది. చెరుకుపల్లి దాటాక ఆమెకు హఠాత్తుగా భయం వేసింది.

“వదినా, వాడు నిజంగా ఇంట్లోనే ఉంటే?”

“ఉంటే మంచిదేగా.”

“కత్తి గిత్తి ఉంటే?”

“నా దగ్గర మూడు కాపీలున్నాయి.”

ఆమె ముందు సీటు మీద తల పెట్టి రేపల్లె వచ్చేదాకా నవ్వింది.

ఆ డోరు నంబరు ఒక రైస్ మిల్లుది. మిల్లుది కూడా కాదు, మిల్లు గేటు పక్కన ధాన్యం బస్తాలు తూచే కాటా గదిది. తలుపు తెరిచే ఉంది. లోపల ఒక పెద్ద కాటా, ఒక స్టూలు, గోడకు ఒక క్యాలెండరు. స్టూలు మీద ముసలి గుమాస్తా కూర్చుని ఉన్నాడు.

“ఇక్కడ ఎవరుంటారండి బాబాయిగారూ?” అంది మా ఆడపడుచు.

“పగలు నేనుంటానమ్మా. రాత్రిళ్లు ఎలకలు.”

ఫొటోలో క్రాపు గురించి చెప్పాను. ఆయన నెత్తి తడుముకుని, “క్రాపున్నవాడెవడూ ఇక్కడ లేడు తల్లీ” అన్నాడు. ఆయనది బట్టతల.

బ్యాంకువాళ్లు ఒక్కసారి వచ్చి తలుపు తట్టి ఉంటే ఈ గదిలో ఎవరూ కాపురం ఉండలేరని చిన్నపిల్లకైనా తెలిసేది. ఆ మాట ఆయన్ని కాగితం మీద రాసిమ్మన్నాను. మిల్లు లెటర్‌హెడ్ మీద, మిల్లు ముద్రతో. ‘ఇది బస్తాలు తూచే గది. ఇందులో ఏ మనిషీ నివాసం లేడు.’ యజమాని సంతకం పెట్టి పంపేదాకా ఓ పావుగంట ఆగాల్సి వచ్చింది. ఊరికే ఎందుకు నిలబడాలని మా ఆడపడుచు కాటా ఎక్కింది.

గుమాస్తా కళ్లజోడు సర్దుకుని చూశాడు. “డెబ్భై మూడు, మూడు వందలు.”

“అదేంటండీ అన్యాయం! ధాన్యానికి తేమ తరుగు తీస్తారుగా, నాకు తియ్యరా?”

“చీర కింద అరకిలో తీసెయ్యమంటావా?”

“గాజులకో?”

“గాజులు సరుకులోనే లెక్కమ్మా.”

నేనూ ఎక్కాను. నా అంకె ఇక్కడ రాయను. బయట ఎడ్లబండి మీదివాళ్లు బండి ఆపి మరీ చూస్తున్నారు. ముప్పై ఆరు వేలు పోగొట్టుకుని, మోసగాడి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన ఇద్దరాడవాళ్లం, ఆ ఇంట్లో కాటా మీద నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతున్నాం. ఇదేం బుద్ధో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కణ్ణుంచి అంతా నా పని. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాను, తీసుకున్నారు, వాడు దొరకలేదు. బ్యాంకుకు రాశాను. వాడు నన్ను మోసం చేశాడు కాబట్టి ఇవ్వండి అని రాయలేదు. ముప్పై ఆరు వేలూ అడగలేదు. గురువారం పోయిన పదిహేను వేలు నా తెలివితక్కువతనానికి పోయాయి, ‘అందింది’ అన్న మాటకు నేను లేచి నిలబడ్డాను కాబట్టి పోయాయి. దాన్ని ఎవరినీ అడగను. శుక్రవారం ఒంటిగంటా యాభై నిమిషాలప్పుడు ఖాతాలో ఉన్న ఇరవై ఒక్క వేలు మాత్రం బ్యాంకు ఇవ్వాలి. నేను చెప్పాను, మీరు విన్నారు, విని ఊరుకున్నారు. అంతే నా వాదన.

‘మా వైపు లోపమేమీ లేదు’ అని జవాబొచ్చింది. ఒకటిన్నర లైను. దానికి నేను ఏడు పేజీల జవాబిచ్చాను. దానికి జవాబు రాలేదు. నెల దాటాక బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఆఫీసుకు హైదరాబాదు రాశాను. తెల్లకాగితం చాలు, ఫీజు లేదు అని తెలిసినప్పుడు నాకు పండగలా అనిపించింది. ఇలాంటి ఆఫీసు ఒకటి ఉందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పనందుకు కోపం కూడా వచ్చింది. మిల్లు కాగితం పెట్టాను. ఖాళీ గడి సంగతి రాశాను. అన్నిటికీ పైన బ్యాంకు గుమాస్తా ముత్యాల అక్షరాల కాపీ పెట్టాను. నేను ఎన్ని పేజీలు కొట్టినా రుజువు కానిది ఆయన నాలుగు ముక్కల్లో రుజువు చేసి పెట్టాడు. ఫిర్యాదు ముట్టింది, ముట్టిన టైమిది, ముట్టాక వాళ్లు అన్నం తిన్నారు.

ఇంతలో జూన్ వచ్చేసింది. పిల్లలు గొడవ చెయ్యలేదు గానీ రోజూ మెట్లెక్కుతూ గదిలో మూల వైపు చూసేవాళ్లు, కంప్యూటర్ వచ్చిందేమోనని. ‘వస్తోంది’ అనేదాన్ని. ఆ నెలలో అయిదుగురు ఎదురు మేడ ఎక్కేశారు. ఎవరు ఏ రోజు ఎక్కారో చెప్పగలను. జులై నెలాఖరు దాకా ఆగండని మిగిలిన పన్నెండు మందినీ బతిమాలాను. అప్పటికీ లేకపోతే మూసేస్తానని గది ఇచ్చిన ఇంటివాళ్లకు మాట ఇచ్చాను. బతిమాలడం నాకు చేతకాని పని. ఫిర్యాదు అయితే చేస్తాను.

జులై చివరి వారంలో ఒక మధ్యాహ్నం మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. మేనేజరు గారు. చేతిలో కవరు. రొప్పుతున్నాడు. మా ఆడపడుచు ఆ రోజు అక్కడే ఉంది. పన్నెండు మందీ మిషన్ల ముందు ఉన్నారు.

“అమ్మా, శుభవార్త. మీరు హైదరాబాదు రాశారు కదా, దాని మీద మీ ఇరవై ఒక్క వేలు మంజూరయ్యాయి. ఇక్కడ సంతకం పెడితే రేపు మీ ఖాతాలో పడిపోతాయి.”

కూర్చుని కాగితం చదివాను. ఒక కాపీ ఇంగ్లీషు, ఒక కాపీ తెలుగు. ‘బ్యాంకు తరఫున ఎటువంటి లోపమూ లేనప్పటికీ, ఖాతాదారు పరిస్థితి పట్ల సానుభూతితో...’

“ఈ సానుభూతి ఏంటండి?”

“మంచి మాటే కదమ్మా.”

“మంచిదే. మీ దగ్గరే ఉంచుకోండి. నాకు నా డబ్బు చాలు.”

“ఆ డబ్బే ఇస్తున్నాం కదా!”

“ఇస్తున్నారు. పాపం అని ఇస్తున్నారు. నేను దాని కోసం రాయలేదు.”

మిషన్లన్నీ ఆగిపోయాయి. మా ఆడపడుచు నా చెవి దగ్గర గుసగుసలాడింది. “వదినా, సంతకం పెట్టు. నీకు దణ్ణం పెడతాను. ఇది వెనక్కి పోతే ఇంకో రెండు నెలలు. ఈ పిల్లలుంటారా?”

నిజమే. పన్నెండు మొహాలు నా వైపే చూస్తున్నాయి. రెండో వరుసలో ఉన్న అమ్మాయి అయితే పెన్ను మూత తీసి నా వైపు చాపింది. ఒక్క మాట కోసం గది మూసుకుపోతే రేపు నేను ఎక్కడ కూర్చుని ఎవరి మీద రాస్తాను? చెయ్యి పెన్ను దాకా వెళ్లింది. భయం వేసింది, దాచను. కానీ ఆ మాట కింద నా సంతకం ఉంటుందని తలుచుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“పై ఆఫీసు రాసిన ముసాయిదా అమ్మా. నేను మార్చలేను” అన్నాడాయన. నుదురు తుడుచుకున్నాడు. మంచినీళ్లు ఇప్పించాను. తాగి, గ్లాసు కింద పెట్టి, నా వైపు కాకుండా గ్లాసు వైపు చూస్తూ అన్నాడు.

“ఆ రోజు ఫోన్ చెయ్యాల్సిందమ్మా. చేద్దామనే అనుకున్నాను. రిసీవర్ మీద చెయ్యి కూడా వేశాను. పప్పుచారు చల్లారిపోతుందని...”

మొదట మా ఆడపడుచే పకపకలాడింది. గోడ దొరక్క మేనేజరు కుర్చీ పట్టుకుంది. పిల్లలు నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత ఆయనకూ నవ్వొచ్చింది.

“ఈ మాటే రాయండి సార్” అన్నాను.

“పప్పుచారు సంగతా?”

“అది వద్దులెండి. ఫోన్ సంగతి.”

ఆయన కాగితం తీసుకుని మళ్లీ చదివాడు. తర్వాత ‘ముసాయిదా మార్చలేను గానీ, శాఖ తరఫున వేరే కాగితం ఇవ్వగలను, కొట్టండి’ అన్నాడు. నేను మిషన్ ముందు కూర్చున్నాను. ఆయన చెబుతున్నాడు, నేను కొడుతున్నాను. ‘ఫిర్యాదు అందిన వెంటనే బాపట్ల శాఖకు తెలియజేయడంలో ఈ శాఖ ఆలస్యం చేసినది. ఆ ఆలస్యం వల్ల పోయిన మొత్తమును ఖాతాదారుకు తిరిగి చెల్లించుచున్నాము.’ ‘చెల్లించుచున్నాము’ దగ్గర ఆయన ఆగాడు. నేను ఆగలేదు, అప్పటికే ఫుల్‌స్టాప్ కొట్టేశాను. ఆయన సంతకం పెట్టాడు. పై ఆఫీసు కాగితంలో ‘సానుభూతి’ ఉన్న ముక్కను నేను అడ్డంగా కొట్టేస్తే, పక్కన తన పొట్టి సంతకం కూడా వేశాడు. ఆ తర్వాత నేను పెట్టాను.

ఆయన మెట్లు దిగుతుంటే పిల్లలు కిటికీ దగ్గరికి పరుగెత్తారు. అవతల గాజు తలుపుల వైపు ఒక్కరూ చూడలేదు.

ఇరవై ఒక్క వేలకు రెండు రాలేదు, ఒక్కటే వచ్చింది. తలా ఒక అరగంట, వంతులవారీగా. మొదటి రోజు బొట్టు పెట్టి స్విచ్ వేశాం. మొదట కూర్చున్నది పెన్ను చాపిన ఆ అమ్మాయే. చకచకా ఒక లైను కొట్టింది. లైను చివరికి రాగానే, అలవాటు కొద్దీ, ఎడమచెయ్యి పైకి లేపి గాలిని గట్టిగా ఒక్క తోపు తోసింది. మిషన్ మీద అయితే అక్కడ లివర్ ఉంటుంది, తోస్తే కాగితం పక్కకు జరిగి కొత్త లైను వస్తుంది. ఇక్కడ ఏమీ లేదు. అయినా తెర మీద అక్షరాలు వాటంతటవే కిందికి దిగి కొత్త లైనుకు వెళ్లిపోయాయి. రెండో వాళ్లూ గాలినే తోశారు. మూడో వాళ్లూ అంతే. ఎవరు ఎన్నిసార్లు తోస్తారో పందేలు కట్టుకున్నారు. సాయంత్రం వాళ్లంతా వెళ్లాక తలుపు వేసుకుని నేను కూర్చున్నాను. కండక్టరు మీద రాసిన పాత ఉత్తరం జ్ఞాపకం ఉన్నంత వరకు కొట్టి చూశాను. మొదటి లైను చివర నా చెయ్యి కూడా పైకి లేచింది.